రంగుకో అర్థం

ఇచ్చోడ నుంచి మెదక్ చర్చికి బయలుదేరిన వ్యాన్‌లో ముందు సీటు పాస్టర్ అయ్యగారిది. చీకటితోనే అందర్నీ ఎక్కించాడు. తొందరకు కారణం ఉంది. ఆ చర్చి అద్దాల మీది బొమ్మలు బయట వెలుతురు ఉన్నంతసేపే. పొద్దు గూకిందంటే లోపలున్నవాళ్లకు మిగిలేది నల్లటి పలకలే. నిర్మల్, కామారెడ్డి, రామాయంపేట దాటి మెదక్ చేరేసరికి ఎండ బాగా ఎక్కింది.

మిషనరీ పోస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని చూపించి, కూలికి తిండి పెట్టి కట్టించిన గుడి అది. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబర్ 25న తలుపులు తెరిచారు. రంగుల అద్దాలు మాత్రం ఆ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో. మొదటిది నిజాం రాజ్యంలో దిగితే, చివరిదానికి ఆంధ్రప్రదేశ్ వచ్చేసింది. గీసినవాడు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ, ఇంగ్లండ్ రాజుల బొమ్మలు వేసిన మనిషి.

"అంటే పుట్టకముందే పైకి వోయిండా?" అని డ్రైవర్ నవ్వాడు. అయ్యగారు నవ్వలేదు. నవ్వాల్సిన మాటే, నన్నడిగితే.

లోపల అందర్నీ సిలువ కిటికీ ఎదుట కూర్చోబెట్టాడాయన. రంగు అద్దాన్ని ముక్కలుగా కోసి, సీసం పట్టీలతో ఎట్లా అతుకుతారో చెప్పాడు. చదువు రానివాళ్ల కోసం ఒకప్పుడు ఐరోపాలో బైబిల్‌ను ఇట్లా గోడలకెక్కించారని చెప్పాడు. వాక్యం చెప్పడంలో ఆయనకు తిరుగులేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఒక్కో రంగుకు ఒక్కో అర్థం ఉన్నది. నీలమంటే పరలోకం. తెలుపంటే పరిశుద్ధత. ఆకుపచ్చ అంటే ప్రాణం." ఇక్కడ కాస్త ఆగి గొంతు పెంచాడు. "ఇగ ఎరుపు! ఎరుపంటే మన కోసం కారిన రక్తం. ఎరుపంటే ప్రేమ. అన్ని రంగులల్ల పవిత్రమైంది గదే. ఆ రంగును చూసి తల వంచనోడు విశ్వాసే కాదు."

"ఆమెన్" అన్నారందరూ.

ముందు వరసలో ఒక ముసలమ్మ చెంపకు చెయ్యి ఆనించుకుని ఒక్క ముక్క వదలకుండా విన్నది. అక్షరం రాదు ఆమెకు. ఆమె కోడలు మాత్రం పిల్లవాణ్ని చంకనేసుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. మెదక్‌లో ఆమెను ఎవరూ ఆపలేదు. అలవాటు, అంతే. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఇచ్చోడలో ప్రతి ఆదివారం ఆమె చోటు అయ్యగారి మందిరం వసారాయే. వాన పడినా అక్కడే.

"ఎవరికన్నా అర్థం కాకుంటే అడగుండ్రి" అన్నాడు అయ్యగారు, బైబిల్ మూస్తూ.

ముసలమ్మ లేచింది.

"అంత మంచిగనే సమజైంది అయ్యగారూ. ఒక్కటే అడుగుత. ఎరుపు గంత పవిత్రమైందైతే, మా కోడలిని నొసటి బొట్టు తుడుసుకుంటెనే లోపటికి రానిస్తమన్నరు... ఎందుకయ్యా?"