దూది వైద్యులు

స్పీకర్ల పిచ్చి ఉన్నవారికి ఈమధ్య సర్వరోగ నివారిణి ఒకటి దొరికింది: దూది. బాస్ చాలడం లేదా? బాక్సు విప్పి దూది కుక్కు. గొంతు గరగరమంటోందా? ఇంకో గుప్పెడు కుక్కు. దిండు కోసిన మర్నాడే ఘంటసాల గొంతులో ఇదివరకు లేని మాధుర్యం వినిపిస్తోందని ప్రకటించే మహానుభావులున్నారు. ఆయన 1974లోనే వెళ్లిపోయారు. కాబట్టి ఆ కొత్త మాధుర్యం దిండుదే అయి ఉండాలి.

దూదికి అసలు పనే లేదని కాదు. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ ఏఆర్-1 అనే చిన్న స్పీకరు తెచ్చినప్పుడు, మూసిన పెట్టెలో ఫైబర్‌గ్లాస్ పీచు నింపాడు. ఊఫర్ లోపలికి కదిలితే గాలి నలిగి వేడెక్కుతుంది. ఆ వేడిని పీచు లాగేసుకోవడంతో పెట్టె ఉన్నదానికంటే కాస్త పెద్దదానిలా పనిచేస్తుంది. ఎంత పెద్దది? కాగితం మీద లెక్క ఎంత సాగదీసినా 40 శాతం దాటదు. చేతికి అందులో సగం దక్కినా గొప్పే.

అదీ బాక్సు పూర్తిగా మూసి ఉంటేనే. మన ఇళ్లలో చాలా బాక్సులకు ముందో వెనకో గొట్టం ఉంటుంది. ఆ గొట్టంలో గాలి ఊగితేనే కింది బాస్ పుడుతుంది. మన వైద్యుడు దాని నోట్లోనూ దూది కుక్కి, "ఇప్పుడు బాస్ టైటుగా ఉంది చూడండి" అంటాడు. ఉండదా మరి, ఊపిరాడకపోతే!

ఇక పెట్టె లోపలి గోడలకు అంగుళం స్పాంజి అతికించేవారున్నారు. 100 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు మూడున్నర మీటర్లు. దానికి అంగుళం స్పాంజి అడ్డమా? పైగా గోడను ఆనుకున్నచోట గాలి కదలదు, పీచు పనిచేసేదేమో గాలి కదిలేచోట. పెట్టె లోపల మధ్యస్థాయి శబ్దాల ప్రతిధ్వనిని తగ్గించడం దాని వంతు, ఆ పని చక్కగానే చేస్తుంది. పల్చటి చెక్క వణుకుతుంటే మాత్రం దూది ఆపలేదు, లోపల అడ్డుచెక్క బిగించాలి. అడ్డుచెక్క అంటే రంపం, జిగురు, కొలతలు. దిండుకైతే కత్తెర చాలు. ఈ వైద్యానికింత గిరాకీ అందుకేనని నా అనుమానం.

పరీక్షకు రమ్మంటే ఒక్కరూ రారు. జతలో ఒక్క బాక్సుకే దూది పెట్టి, రెండూ పక్కపక్కన ఉంచి, పాత మోనో పాట వేసి, బ్యాలెన్స్ నాబ్ ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పండి. ఆదివారమంతా స్క్రూలు విప్పిన మనిషి చెవి, కళ్లు తెరిచి ఉంటే తేడా లేదని చచ్చినా ఒప్పుకోదు.

ఇంతా చేసి ఆ బాక్సులుండేది నున్నటి టైల్స్, బోసిగోడల హాల్లో. చప్పట్లు కొడితే గణగణమంటుంది. అయ్యా, ముందు నేలమీద మందపాటి తివాచీ పరిచి, కిటికీలకు బరువైన పరదాలు కట్టి ఒక పాట వినండి. స్క్రూడ్రైవర్ జోలికి ఆ తర్వాత వెళ్లండి.