విశ్వవిద్యాలయాన్ని పిల్లల బారి నుంచి కాపాడుకుందాం

వేసవి రాగానే మన విశ్వవిద్యాలయాలకు పిల్లల మీద ప్రేమ పుట్టుకొస్తుంది. అథ్లెటిక్స్ శిబిరం, సైన్సు శిబిరం, రోబోల శిబిరం అంటూ ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా అందరినీ పిలుస్తారు. ఆ ప్రేమకు మొదటి గుర్తుగా తల్లిదండ్రుల చేతికి ఒక అండర్‌టేకింగ్ వస్తుంది. ఏ ఊళ్లో చూసినా దాని సారం ఒకటే: మా అబ్బాయి తన ఇష్టంతోనే వస్తున్నాడు, శిబిరం జరిగినన్నాళ్లూ వాడికి ఏం జరిగినా విశ్వవిద్యాలయానికీ సిబ్బందికీ సంబంధం లేదు, ఇందుకు మేం మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాం.

పిల్లల భద్రత కోసం ఆ సంస్థ తీసుకున్న చర్యలు దీంతో సంపూర్ణం. రాత్రిళ్లు హాస్టల్లో పిల్లల దగ్గర ఎవరుంటారు, ఆ మనిషి పూర్వాపరాలు ఎవరు కనుక్కున్నారు, ఎవరైనా ఇబ్బంది పెడితే పిల్ల ఎవరికి చెప్పుకోవాలి అనే చిల్లర విషయాలు అందులో ఉండవు. నాన్న సంతకం ఆధార్ కార్డులో ఉన్నట్టే ఉందా లేదా అన్నది మాత్రం ఇద్దరు గుమాస్తాలు పట్టిపట్టి చూస్తారు.

కొన్నిచోట్ల ముందుజాగ్రత్త ఇంకా ఎక్కువ. పిల్లవాడి చేత కూడా సంతకం పెట్టిస్తారు. మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదని ప్రీవీ కౌన్సిల్ 1903లోనే తేల్చేసింది. ఆ తీర్పును లా కాలేజీలో మొదటి ఏడాదే చెబుతారు. ఆ లా కాలేజీ ఉండేది కూడా అదే క్యాంపస్‌లో, రిజిస్ట్రార్ ఆఫీసుకు కూతవేటు దూరంలో. అయినా ఈ నూట ఇరవై ఏళ్లలో ఆ కబురు ఇటు చేరినట్టు లేదు. పోనీ తండ్రి సంతకం సంగతి? నిర్లక్ష్యానికి, అందునా నేరానికి, ముందే క్షమాపణ రాసిచ్చే అధికారం ఏ తండ్రికీ చట్టం ఇవ్వలేదు. 2014 జూన్ 8న బియాస్ నదిలో, కాలేజీ యాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. హిమాచల్ హైకోర్టు పరిహారం తేల్చినప్పుడు నీళ్లు వదిలిన విద్యుత్ బోర్డుతోపాటు కాలేజీ మీద కూడా వాటా వేసింది. వాళ్లు కాలేజీ ఈడు వాళ్లు. మరి పన్నెండేళ్ల వాడి విషయంలో కోర్టు ఈ కాగితానికి ఇచ్చే విలువెంతో ఊహించుకోవచ్చు.

"మాది విశ్వవిద్యాలయం, బడి కాదు. మా దగ్గర పిల్లలెక్కడున్నారు?" అని అడిగే ప్రొఫెసర్లున్నారు. నిజమే, స్నాతకోత్సవం రోజున గవర్నరు గారి కోసం పూర్ణకుంభం పక్కన పూలు పట్టుకుని ఎండలో నిలబడేది ప్రొఫెసర్లే కాబోలు. యువజనోత్సవంలో కూచిపూడి ఆడేది, క్యాంపస్ బడిలో చదివేది, పొద్దున్నే ఈత, పరుగు నేర్చుకునేది, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇన్‌స్పైర్ శిబిరాల్లో ఐదు రోజులు హాస్టళ్లలో గడిపేది ఎవరు? అసలు మన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో మొదలైందే పదో తరగతి అయిన పల్లెటూరి పిల్లల కోసం. దాని కింద పుట్టిన బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో మొదటి రెండేళ్ల వాళ్లు దాదాపు అందరూ చట్టం లెక్కలో బాలలే. ఆ సంస్థను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. పద్దెనిమిది నిండని వాళ్లు వేలల్లో ఉండే విశ్వవిద్యాలయాలు మనకు ఉన్నాయని గుర్తుచేస్తున్నానంతే.

ఇక పిల్లల కన్నా సంస్థ పరువే ముఖ్యమనే సిద్ధాంతాన్ని శ్రద్ధగా అమలు చేసి చూపిన చోటు ఒకటుంది. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ. అక్కడి ఫుట్‌బాల్ జట్టు సహాయ కోచ్ జెర్రీ శాండస్కీ పేద పిల్లల కోసం 1977లో సెకండ్ మైల్ అనే ధార్మిక సంస్థ పెట్టాడు. ఆ పిల్లల్ని క్యాంపస్‌కు తెచ్చేవాడు, ఆటలు చూపించేవాడు. ఊరంతా దణ్ణం పెట్టేది. 1998లో ఒక తల్లి ఆయన మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు చేసింది. కేసు పెట్టలేదు సరికదా, క్యాంపస్ పోలీసులు దాన్ని నేరాల పట్టీలో కూడా ఎక్కించలేదు. పరిపాలనా సమాచారం అనే అరలో పడేశారు. మరుసటి ఏడు ఆయన రిటైరైతే ఎమెరిటస్ హోదా, ఆఫీసు గది, లాకర్ గదిలోకి వెళ్లే వీలు ఇచ్చి సాగనంపారు. సాగనంపారు అనడం కూడా తప్పే, అక్కడే ఉంచుకున్నారు.

2000లో పారిశుద్ధ్య సిబ్బంది స్నానాల గదిలో ఘోరం చూశారు. నోరు విప్పితే ఉద్యోగం పోతుందని భయపడి ఊరుకున్నారు. 2001లో ఒక యువ కోచ్ చూశాడు. ఆయన హెడ్ కోచ్ జో పటెర్నోకి చెప్పాడు. పటెర్నో క్రీడా విభాగాధిపతికి చెప్పాడు. ఆయనా, ఒక ఉపాధ్యక్షుడూ, యూనివర్సిటీ అధ్యక్షుడు గ్రాహం స్పానియరూ కలిసి ఆలోచించారు. శిశు సంక్షేమ శాఖకు తెలియజేయాలని మొదట అనుకుని, తర్వాత మనసు మార్చుకున్నారు. ఇకపై పిల్లల్ని మా క్రీడా భవనాల్లోకి తేవద్దని ఆ పెద్దమనిషికి చెబితే చాలనుకున్నారు. ఇది మానవీయమైన పద్ధతి అని అధ్యక్షుడు ఈమెయిల్లో మెచ్చుకున్నాడు. ఆయన మానవత్వం ఎవరి మీదో గమనించారు కదా. స్నానాల గదిలో కనిపించిన ఆ పిల్లవాడి పేరేమిటో కనుక్కోవాలని ఒక్కరికీ తోచలేదు. శాండస్కీ మాత్రం 2008 దాకా ఒక శాఖా క్యాంపస్‌లో పిల్లలు రాత్రిళ్లు బసచేసే ఫుట్‌బాల్ శిబిరాలు నడుపుతూనే ఉన్నాడు.

2011 నవంబరులో అరెస్టయ్యాడు. మరుసటి ఏడు పదిమంది పిల్లలకు సంబంధించి 45 నేరాలు రుజువై, 30 నుంచి 60 ఏళ్ల జైలు పడింది. పటెర్నోని ఫోన్లో ఉద్యోగం నుంచి తీసేసిన రాత్రి విద్యార్థులు వేలల్లో రోడ్డెక్కారు. పిల్లలకు న్యాయం కోసం అనుకునేరు, కోచ్‌ని తీసేశారని. ఒక టీవీ వ్యాన్‌ను కూడా బోర్లా పడేశారు. పరువు పిచ్చి పాలకులది మాత్రమే కాదని ఆ రాత్రి తెలిసింది.

ఇంత చేసి కాపాడుకున్న పరువు ఖర్చు చూడండి. బాధితులకు చెల్లించింది పది కోట్ల డాలర్లు దాటింది. కళాశాలల క్రీడా సంఘం ఆరు కోట్ల జరిమానా వేసింది. క్యాంపస్‌లో జరిగే నేరాలను వెల్లడించాలన్న చట్టాన్ని పాటించనందుకు అమెరికా కేంద్ర విద్యాశాఖ 2016లో మరో 24 లక్షలు వడ్డించింది. స్పానియర్ 2021లో రెండు నెలలు జైల్లో గడిపాడు. దీన్ని చూసైనా తోటి యూనివర్సిటీలు మేలుకుని ఉంటాయని అనుకుంటాం. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ 2014లో లారీ నాసర్ అనే తన డాక్టరు మీద వచ్చిన లైంగిక వేధింపుల ఫిర్యాదును విచారించి, అది వైద్యమేనని తేల్చి మళ్లీ డ్యూటీలోకి పంపింది. 2018లో బాధితులకు 50 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. వాళ్లలో చాలామంది చిన్నప్పుడు జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటూ ఆయన దగ్గరికి వెళ్లినవాళ్లే.

మన తెలుగువాళ్ల పిల్లలు వేసవిలో అమెరికా క్యాంపస్‌లకు కోడింగనీ, డిబేట్ అనీ వెళ్తుంటారు కనుక ఒక మాట. ఈ దెబ్బల తర్వాత అక్కడ నియమాలు వచ్చాయి. పిల్లతో పెద్దవాళ్లు ఒంటరిగా ఉండకూడదు, పనిలోకి తీసుకునేముందు నేరచరిత్ర చూడాలి, అనుమానం వస్తే పైవాడికి చెప్పి ఊరుకోకుండా నేరుగా ప్రభుత్వానికి తెలపాలి. ఆన్‌లైన్ శిక్షణలో చదవకుండానే నెక్స్ట్ నొక్కుకుంటూ పోయేవాళ్లు అక్కడా ఉంటారు, అది వేరే సంగతి. కనీసం అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. అడగండి.

ఇక్కడ అడిగితే వచ్చే జవాబు తెలిసిందే. "మనది గురుశిష్య సంప్రదాయం సార్, ఆ జబ్బులు మనకెందుకుంటాయి?" సంప్రదాయం అంత గట్టిదైతే లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే పోక్సో చట్టాన్ని పార్లమెంటు 2012లో ఎందుకు చేసిందో మరి. పిల్లలతో తరచూ పని ఉండే ఏ సంస్థ అయినా బోధన సిబ్బంది మొదలు కాంట్రాక్టు కాపలాదారు దాకా అందరికీ పోలీసు వెరిఫికేషన్ ఎప్పటికప్పుడు చేయించాలని 2020 పోక్సో నిబంధనలు చెబుతున్నాయి. అందులో బడి, క్రెష్, క్రీడా అకాడమీ అని పేర్లు చెప్పి, పిల్లల కోసం నడిచే ఇతర వసతులు కూడా అన్నారు. విశ్వవిద్యాలయం అన్న మాట విడిగా లేదు కాబట్టి మాకు వర్తించదని వాదించే పండితులు తప్పకుండా ఉంటారు. డిగ్రీలు ఇచ్చేది వాళ్లే కదా.

ఏదైనా జరగరానిది జరిగితే మాత్రం మన దగ్గర ఏర్పాటు సిద్ధం: అంతర్గత కమిటీ. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పాల్సిందే. ముందు మా కమిటీ తేల్చాలి అనే వెసులుబాటు అందులో లేదు. అయినా ముగ్గురు సీనియర్లతో కమిటీ వేస్తారు. పిల్ల భవిష్యత్తు దృష్ట్యా గుట్టుగా ఉంచుదామని వాళ్లు తల్లికి నచ్చజెబుతారు. నిందితుణ్ణి వేరే విభాగానికి మారుస్తారు. నివేదికను సీల్డ్ కవరులో పెట్టి బీరువాలో దాస్తారు. సంస్థలో కిందివాడు చేసిన నేరాన్ని తెలియజేయని అధిపతికి ఏడాది దాకా జైలు, జరిమానా అని 21వ సెక్షన్ చెబుతుంది. కమిటీ వేసిన తేదీ, సభ్యుల సంతకాలు, మూడు సమావేశాల టీ బిల్లులు, అన్నిటి కిందా ఆకుపచ్చ సిరాతో "చూశాను" అన్న మాట: ఆయనకు విషయం ఎప్పుడు తెలిసిందో రుజువు చేయడానికి పోలీసులకు కావలసిన కాగితాలన్నీ ఆ బీరువాలోనే, వరుస నంబర్లు వేసి మరీ ఉంటాయి.