కీరదోస మాహాత్మ్యము

తెలుగునాట ఎవరికైనను తెల్లవారుసరికి కంటి పైరెప్పలు ఉబ్బి కనబడినచో, ఆ యుబ్బునకు కారణము తెలిసికొనుటకై వైద్యవిద్యాలయముల గడప త్రొక్కనక్కరలేదు. పాలు పోయుటకు వచ్చినవాడు మొదలుకొని పైవాటాలో కాపురముండు పిన్నిగారి వరకు, ఎదురుపడిన ప్రతివారును, నాడి పట్టకయే, నాలుక చూడకయే, "వేడి చేసింది" అని ఏకగ్రీవముగా తీర్పు చెప్పి, వెనువెంటనే రెండు కీరదోసకాయ చక్రములు కన్నులపై పెట్టుకొని పరుండుమని ఔషధమును గూడ విధించి, ప్రతిఫలమేమియు కోరక వెడలిపోవుదురు. మనకు వైద్యుల కొరత కలదని ప్రభుత్వనివేదికలలో వ్రాయువారు మన వీధులలో ఎన్నడును తిరిగినవారు కారు. వీధికి నూరుగురు వైద్యులు కలరు. ఆ నూరుగురకును కలిపి రోగము మాత్రము ఒక్కటే.

కీరదోస మహిమను తగ్గించి మాటాడుట నా యుద్దేశము కాదు. నూటికి 95 పాళ్లు నీరే యగు ఆ కాయ, చల్లగా నున్నంతసేపు, రెప్పలోని సన్నని రక్తనాళములను కొంచెము ముడుచుకొనజేసి ఉబ్బును కొంత యణచును. ఈ ఘనకార్యమును కుండనీటిలో తడిపిన చేతిగుడ్డయు చేయగలదు గాని, చేతిగుడ్డకు సౌందర్యశాలలో ధర కట్టుట కష్టము. అందుచేత పెండ్లికూతుళ్ల ప్యాకేజీలలో దోసచక్రములకు దక్కిన స్థానము గుడ్డకు దక్కలేదు. చక్రముల వెనుక పరివారము బయలుదేరినది: వాడి పారవేసిన టీ పొట్లములు, రిఫ్రిజిరేటరులో చల్లబరచిన రాతిరోలరు, కెఫీన్ కలిపిన లేపనము. ఈ లేపనము కూడ నాళములను కొంతసేపు ముడువవచ్చును. కాఫీ త్రాగినవాడు మేల్కొనును. పూసికొన్నవాడు మేల్కొన్నట్లు కనబడును. 1940వ సంవత్సరపు ఔషధ, సౌందర్యసాధనముల చట్టము సౌందర్యసాధనమనగా శుభ్రపరచునది, అందగింపజేయునది, రూపమును మార్చునది యని నిర్వచించినదే గాని, రోగమును కుదుర్చునది యని అనలేదు గనుక, అట్టపై వ్రాయువారు ఉబ్బు తగ్గునని వ్రాయక, ఉబ్బు కనబడుట తగ్గునని వ్రాయుచున్నారు. అద్దమును గోడవైపు త్రిప్పి పెట్టినను ఈ ఫలము తప్పక సిద్ధించును, పైగా నిర్వ్యయముగా సిద్ధించును.

ఐనను వాడినవారందరును గుణము కనబడినదనియే చెప్పుదురేమి? చెప్పుదురు, అది అబద్ధమును కాదు. రెప్పపై చర్మము దేహమంతటిలో మిక్కిలి పలుచనిది, ఒక మిల్లీమీటరు మందమైనను లేనిది. దాని క్రింది కణజాలము మిక్కిలి వదులైనది యగుటచే, ఒంటిలో ఎచట నీరు మిగిలినను అచట చేరుటకు చోటు దొరకును. రాత్రి ఊరగాయయు అప్పడములును దండిగా భుజించి, ఆ యుప్పు పట్టియుంచిన నీటితో బోరగిల పరుండినవానికి, పగటివేళ కాళ్లవైపు దిగవలసిన ద్రవము ముఖమున నిలిచి రెప్పలను పొంగించును. ఏడ్చి ఏడ్చి నిద్రపోయినవారి రెప్పలును ఇట్లే పొంగును. లేచి నాలుగడుగులు నడయాడిన గంట రెండుగంటలలో, భూమ్యాకర్షణమను ఖర్చులేని వైద్యుని చేతిచలువ వలన, ఆ నీరు తనంతట దిగిపోవును. ఉదయము ఏడు గంటలకు లేపనము పూసినారు, తొమ్మిదింటికి ఉబ్బు తీసినది. కీర్తి యంతయు సీసాకు పోయినది. తన కోడియు తన కుంపటియు లేకున్న ఊరికి తెల్లవారదని నమ్మిన ముసలమ్మ చనిపోయినదని అనుకొంటిమి. లేదు, ఆమె ఇప్పుడు లేపనముల వ్యాపారము చేయుచున్నది.

ఇక వేడి సిద్ధాంతమునకు వత్తము. రెప్ప అంచున వెండ్రుకల మొదట చీముపట్టి లేచు కంటికురుపు మనవారి లెక్కలో వేడికి పుట్టిన పెద్దకొడుకు. కాబట్టి దానికిని చలువయే మందు. కంటివైద్యులు చెప్పునదో, గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో దినమునకు మూడు నాలుగు మారులు కాపడము పెట్టుమని. రెప్పలోని తైలగ్రంథి ముఖము గట్టిపడి మూసికొనినది ఆ వెచ్చదనమునకు మెత్తబడి తెరచుకొనును. అనగా వేడి చేసినదన్న జబ్బునకు వేడియే మందు! ఈ వార్తను పిన్నిగారి చెవిని వేయుటకు నాకింకను ధైర్యము చాలలేదు. అరచేతిలో వ్రేలు రుద్ది ఆ వెచ్చదనమును కురుపునకు అద్దు పెద్దవారు ఎరుగకయే సత్యమునకు సమీపించినారు గాని, ఆ వ్రేలు కడిగినదేనా యని అడిగినవారు లేరు.

ఇది మన ప్రాచీనవిజ్ఞానము, దీనిని పరిహసింపరాదు అని కోపగించువారు కలరు. వారి కోపమును నేను గౌరవింతును; వారు సుశ్రుతసంహితను గూడ గౌరవించినచో ఇంకను సంతసింతును. ఉత్తరతంత్రమున నేత్రరోగములు 76 చెప్పబడినవి. అందు 21 రెప్పలకే సంబంధించినవి. రెప్పను చేతబట్టి చూచి, దాని వ్యాధులను 21 విధములుగా వేరుపరచి, కోయదగినదేదో, గీకదగినదేదో, విడువదగినదేదో నిర్ణయించిన ఆ ఋషికి వారసులమని చెప్పుకొనుచు, ఇరువదియొకటిని ఒక్క వేడి క్రింద జమకట్టి, తక్కిన ఇరువది రోగములను పైస ఖర్చు లేక నిర్మూలించిన ఘనత మన తరమునకే చెల్లినది.

వివాహమునకు ముందునాడు తలకు నల్లరంగు వేయించుకొన్న మేనమామగారి సంగతి చూడుడు. ముహూర్తమునాటికి ఆయన రెప్పలు రెండును పొంగి కన్నులు చీలికలైనవి. ఆ రంగులోని పారాఫినైలిన్‌డయమిన్ అను పదార్థము గిట్టనివారికి, మందమైన నెత్తిచర్మము ఊరకున్నను, పలుచని రెప్ప ఊరకుండదు. గోళ్లరంగు వేసికొన్న వ్రేళ్లతో కన్ను నులుముకొన్న వారికిని ఇదే గతి. గోళ్లు చక్కగా మెరయుచుండును, దురదయు వాపును రెప్పవంతు. ఇట్టివారికి ఇంట నలుగురును కలసి సువాసనలు కలిపిన మరియొక లేపనమును ఆ వాపుపైననే పూయుదురు; దానిలోని పరిమళద్రవ్యము గిట్టకపోవుట రెండవ అంకము. కావలసినది క్రొత్తది పూయుట కాదు, పాతది మానుట. కాని మానుటను సీసాలో పోసి అమ్మ వీలులేదు గనుక దానికి ప్రకటనలు లేవు.

అన్ని యుబ్బులును నీరు కావు. రెప్ప వెనుక సన్నని తెర యొకటి కలదు. దాని వెనుక క్రొవ్వు కలదు. వయసు మీరిన కొలది తెర సడలి, ముక్కువైపు మూలన ఆ క్రొవ్వు ముందునకు తొంగిచూచును, పైచర్మము మడతపడి వ్రేలాడును. కొన్ని వంశములలో తాతగారి రెప్పలు ఆస్తితోబాటు, ఒక్కొక్కచోట ఆస్తి లేకున్నను, మనుమలకు సంక్రమించును. దీనిని ఏ కాయయు ఏ లేపనమును కరగింపజాలవు; కత్తియొకటే గతి. ఆ శస్త్రచికిత్సకు బ్లెఫరోప్లాస్టీ యని 1818లో పేరు పెట్టిన జర్మనీ వైద్యుడు గ్రేఫె, కాన్సరు వలన రెప్ప పోగొట్టుకొన్నవారికి రెప్పను తిరిగి నిర్మించుటను గూర్చి ఆ మాట వాడెను. మడతపడిన చర్మము చూపునకు అడ్డువచ్చు వృద్ధులకు నేడది వరమే. రెప్పనెత్తు కండరము బలహీనపడి రెప్ప వాలినవానికి చర్మము మాత్రము కోసినచో వాలినది వాలినట్లే యుండును. చిత్రమున మరికొంత విశాలాక్షిగా కనబడవలెనని అధికముగా కోయించుకొన్నచో రెప్ప పూర్తిగా మూతపడక, నిద్రలోను తెరచియున్న నల్లగ్రుడ్డు ఎండిపోవును.

నాకు నవ్వు రానిచోటు ఒకటి కలదు. ఐదారేండ్ల పిల్లవాడు దినదినమును రెప్పలుబ్బి నిద్ర లేచును. సాయంకాలమునకు ఆ యుబ్బు పాదములకు దిగును. మూత్రము నురుగు కట్టును. బుగ్గలు నిండినవి, ఒళ్లు చేసినాడు అని అమ్మమ్మ సంతసించి దిష్టి తీయును. వేడి యని తండ్రి మజ్జిగ త్రాగించును. ఎలర్జీ యని మందుల దుకాణమువాడు మాత్ర యిచ్చును. లోపల మూత్రపిండములు నిలుపవలసిన ఆల్బుమిన్ అను మాంసకృత్తును జల్లించి బయటకు పోనిచ్చుచున్నవి; రక్తమున అది తగ్గగా నీరు నాళములు విడిచి కణజాలమున చేరుచున్నది. గుర్తించినచో, వైద్యుని పర్యవేక్షణమున ఇచ్చు ప్రెడ్నిసొలోన్‌తో పెక్కుమంది పిల్లలకు నయమగును. పెద్దవారిలో థైరాయిడ్ గ్రంథి మందగించినను రెప్పలుబ్బును. రక్తపుపోటునకు వాడు ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మాత్రలు కొందరికి గిట్టక రెప్పలతోబాటు పెదవులును నాలుకయు పొంగినచో, అది క్షణమైన ఆలస్యము చేయరాని యాపద. జ్వరముతో ఒక్క కన్నే వాచి, ముందునకు పొడుచుకొనివచ్చి, కదల్చిన నొప్పి పెట్టుచు చూపు మసకబారినచో, అది ముక్కు ప్రక్క గాలిగదులనుండి చీము కంటిగుంటలోనికి ప్రాకుటయై యుండవచ్చును. అట్టివానిని ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్పవలెను.

మూత్రమున ఆల్బుమిన్ కలదో లేదో చెప్పు పరీక్షకు పట్టునది ఒక కాగితపు పట్టీయు, రెండు నిమిషముల కాలమును. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున గూడ అది జరుగును. కాని ముఖమునిండ పచ్చనిముద్ద పులిమికొన్న చిత్రమును దేశదేశముల బంధువులకు పంపుటకు సంకోచింపని మనవారు, బొటనవ్రేలంత మూత్రపు సీసాను కాగితములో చుట్టి, కాగితమును సంచిలో పెట్టి, ఆ సంచిని మరియొక సంచిలో దాచి, ఎదురింటివారు తలుపు వేసికొన్న పిమ్మట గాని వీధిలోనికి అడుగు పెట్టరు.