గాలి ఉచితం, డీజిల్ అదనం

“గాలికి డబ్బులెవరూ అడగరు కదోయ్” అన్న ఒక్క వాదన మీద మా బావ అన్నాపోలిస్‌లో 30 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాడు. దాదాపు 200 మైళ్ల పొడవున్న చెసాపీక్ బే ఇంటి పక్కనే పెట్టుకుని గట్టున కూర్చోవడం ఆయనకి నామోషీ అట. పైగా సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం కాలేజీకి వెళ్లొచ్చిన మనిషి. ఆ పంటు నడిపింది వేరేవాళ్లని అక్క గుర్తుచేసింది గానీ, వినే దశ అప్పటికే దాటిపోయింది.

పడవ 1970ల నాటిది. “డెక్కు కాస్త మెత్తగా ఉంటుంది, కాళ్లకి హాయి” అన్నాడట అమ్మినాయన.

అసలు కథంతా ఆ హాయిలోనే ఉంది. అప్పటి ఫైబర్‌గ్లాస్ పడవల డెక్కు చాలావాటిలో బొబ్బట్టు లాంటిది. పైనా కిందా పల్చటి ఫైబర్‌గ్లాస్ పొర, మధ్యలో పూర్ణంగా బాల్సా చెక్క. తేలిక, గట్టిదనం రెండూ దక్కుతాయని అలా చేశారు. కానీ రెయిలింగుకీ, తాళ్లు కట్టే కొక్కేలకీ వేసిన బోల్టుల చుట్టూ లప్పం ఎండిపోయాక, వాన నీళ్లు ఏళ్ల తరబడి బొట్టుబొట్టుగా లోపలికి దిగి పూర్ణాన్ని కుళ్లబెడతాయి.

మా పడవకి సరిగ్గా తెరచాప స్తంభం దగ్గరే కుళ్లింది. తెరచాప ఎత్తాలంటే అక్కడికే వెళ్లాలి. అడుగేస్తే డెక్కు కిందికి దిగి మళ్లీ పైకొస్తుంది. ప్రాణం మాత్రం పైకి రాదు. అందుకని తెరచాప మూటలోనే ఉండేది, ఇంజన్ తిరుగుతుండేది.

ఆ ఇంజన్ సంగతీ చెప్పాలి. నెమ్మదిగా, గంటకి 5 నాటికల్ మైళ్లు పోతే అరగాలన్ డీజిల్ తాగుతుంది. అంటే లీటరుకి ఐదు కిలోమీటర్లు కూడా రాదు. బావకేమో నెమ్మది పడదు. నీటిమట్టం దగ్గర 25 అడుగుల పొడవుండే ఇలాంటి పడవకి గంటకి 6.7 నాటికల్ మైళ్ల దగ్గర ప్రకృతి ఒక గీత గీసింది. ముందు లేచే అలకీ వెనక లేచే అలకీ మధ్య గుంటలో పడవ ఇరుక్కుంటుంది. తను లేపిన అలని తనే ఎక్కలేదు. అక్కణ్ణించి లివరు ఎంత తోసినా పెరిగేది డీజిల్ ఖర్చే. ఇదంతా వివరిస్తే బావ సాంతం విని, “నీ కారుకి లేని రూలు నా పడవకెందుకు?” అన్నాడు.

డెక్కు బాగుచేయిద్దామంటే డబ్బులు డీజిల్‌కి పోయాయి. డీజిల్ మానేద్దామంటే తెరచాప ఎత్తాలి. తెరచాప ఎత్తడానికి డెక్కు లేదు.

“బాల్సా నీళ్లకి పాడవదోయ్. 1947లో కోన్-టికీ తెప్ప పసిఫిక్ మీద 101 రోజులు వెళ్లింది దాంతోనే” అని బావ కొన్నాళ్లు చరిత్రతో నెట్టుకొచ్చాడు. “అవి పచ్చి దుంగలు బావా. పైగా వాళ్లది 101 రోజులే, మనది నలభై ఏళ్లు దాటింది” అన్నాక రంపం తీశాడు.

పైపొర కోసి తీస్తే లోపల చెక్కకి బదులు నల్లటి ముద్ద, దాంతోపాటు వాసన. గరిటెలతో గోకి, ఆరబెట్టి, కొత్త బాల్సా ముక్కలు ఎపాక్సీతో అతికించి, పైన గ్లాసు గుడ్డ పరిచాం. ఎపాక్సీని డబ్బా నిండా కలిపి ఎండలో పెడితే దాని వేడికి అదే పొగలు కక్కి రాయైపోతుంది. పల్చగా పళ్లెంలో పోసుకోవాలని డబ్బా మీదే రాసి ఉంది. డబ్బా మీది రాతలు చదివే అలవాటు మా బావకి లేదు. ఫైబర్‌గ్లాస్ దుమ్ముతో మేమిద్దరం గోక్కుంటూ ఇంటికెళ్తే, అక్క గుమ్మంలోనే ఆపి, గరాజ్ చూపించింది.

ఎట్టకేలకు డెక్కు గట్టిపడింది. దర్జాగా తెరచాప ఎత్తాం. అప్పటికి ఆగస్టు వచ్చింది. ఆగస్టులో ఇక్కడ గాలి తరచూ మొహం చాటేస్తుంది, వస్తే సాయంత్రం ఉరుముల్ని వెంటబెట్టుకొస్తుంది. బావ ఆకాశం వంక కాసేపు చూసి, తాళంచెవి తిప్పాడు.

పాత పడవ కొనబోయేవాళ్లకి నాదో మనవి. వెళ్లేటప్పుడు చిన్న ప్లాస్టిక్ సుత్తి పట్టుకెళ్లి డెక్కంతా కొట్టి చూడండి. టక్కుమంటే చెక్క బాగున్నట్టు, దబ్బుమంటే నానినట్టు. దబ్బుమన్నా సరే కొంటానంటారా, డీజిల్ డబ్బులు విడిగా తీసిపెట్టుకోండి.