కెల్ప్ తొట్టి ఆత్మకథ

నేను చెక్క తొట్టిని. కాలిఫోర్నియా దక్షిణపు కొసన, శాన్ డియాగో అఖాతం ఒడ్డునున్న చులా విస్టాలో 1916లో పుట్టాను. హెర్క్యులస్ పౌడర్ కంపెనీ అక్కడ కట్టిన కర్మాగారంలో నాలాంటి తొట్లు నూటయాభైకి పైగా ఉండేవి. ఒక్కోదానిలో 50,000 గ్యాలన్లు పట్టేది.

మమ్మల్ని పుట్టించింది మొదటి ప్రపంచ యుద్ధం. బ్రిటన్ ఫిరంగులకు కార్డైట్ అనే పేలుడు మందు కావాలి. దాన్ని ముద్దగా కలపడానికి అసిటోన్ అనే ద్రావకం కావాలి. అంతవరకు కట్టెలను బట్టీల్లో మాడ్చి అసిటోన్ తీసేవారు, యుద్ధం ఆకలికి అది చాలలేదు. ఇంకోపక్క పొలాలకు వేసే పొటాష్ దాదాపు అంతా జర్మనీ గుప్పెట్లో ఉండి, యుద్ధంతో రావడం ఆగిపోయింది. ఈ రెండు లోట్లూ తీర్చగల సరుకు మా ఎదుటి సముద్రంలోనే ఉంది. కెల్ప్ అనే ఆ గోధుమరంగు నాచు నీళ్లలో అడవిలా ఎదుగుతుంది. అదను కుదిరితే రోజుకు అడుగుకు పైగా సాగుతుంది.

కత్తులు బిగించిన కోత పడవలు వెళ్లి, నీటిమట్టానికి కొన్ని అడుగుల కింద ఆ తీగలను తెగ్గోసేవి. తరిగిన నాచును గొట్టాల్లోంచి నాలోకి తోడి, వెచ్చగా ఉంచేవారు. మీ తరవాణి కుండలోలాగే ఇక్కడా పని కంటికి కనబడని సూక్ష్మజీవులదే. నాచులోని పిండిపదార్థాలను తిని అవి ఎసిటిక్ ఆమ్లం వదిలేవి. వెనిగర్‌లో ఉండే పులుపు అదే. పులుపు మితిమీరితే వాటికే ముప్పు. అందుకని సున్నపురాయి వేసేవారు. ఆమ్లం సున్నంతో కూడి కాల్షియం ఎసిటేట్‌గా మారేది. నాచు జిగట తగ్గి, కరిగి, పలచని రసమయ్యేదాకా రోజుల తరబడి బుడగలు పైకి వస్తూనే ఉండేవి. నా చెక్కల సందుల్లోకి ఇంకిన ఆ కంపు ఎంత కడిగినా పోలేదు.

రసాన్ని ఇగిరిస్తే పొటాష్ ఒకపక్క, కాల్షియం ఎసిటేట్ ఒకపక్క తేలేవి. ఎసిటేట్‌ను పొడిగా వేడిచేస్తే అసిటోన్ వచ్చేది. అయోడిన్ కూడా తీశారు. సముద్రపు కలుపు అని జనం తోసేసే నాచులోంచి ఇన్ని రాబట్టినందుకు నాకు గర్వమే. అందులో అసిటోన్ మనుషులను చంపే గుళ్లలోకి వెళ్లిందన్న బాధ మాత్రం తీరదు.

1918 నవంబరులో యుద్ధం ఆగింది. కార్డైట్ అడిగేవాళ్లు లేరు. జర్మనీ పొటాష్ చౌకగా మళ్లీ బజారుకొచ్చింది. కర్మాగారం మూతపడింది. ఆ చోటును నేటికీ గన్‌పౌడర్ పాయింట్ అనే పిలుస్తారు.

2012లో అదే కాలిఫోర్నియాలో, బర్క్లీలోని బయో ఆర్కిటెక్చర్ ల్యాబ్ శాస్త్రజ్ఞులు ఇ.కోలి బ్యాక్టీరియా జన్యువులను మార్చి, గోధుమరంగు నాచునుంచి నేరుగా ఇథనాల్ అనే ఇంధనం చేయించారు. మామూలు ఈస్ట్ ముట్టని, నాచులోని పిండిపదార్థమైన ఆల్జినేట్‌ను కూడా ఆ బ్యాక్టీరియా విడగొట్టి అరిగించుకుంది. మా రోజుల్లో ఏ సూక్ష్మజీవి ఏం చేస్తోందో చూసి మార్చే వీలేదీ?

నాచుతో ఇంధనం చేయాలనుకునే పిల్లలకు ఒక్క మాట. ఇంధనం ఒక్కదాన్నే నమ్ముకోకండి. పొటాష్, అయోడిన్, అసిటోన్ మూడూ తీసి కూడా మేం శాంతికాలపు ధరకు నిలవలేకపోయాం. పచ్చి నాచు బరువులో చాలావరకు నీరే. ఆ నీటిని మోయడానికెంత, ఇగిర్చడానికెంత, చివరికి అమ్మితే వచ్చేదెంత అన్నది ముందు లెక్క కట్టండి. తొట్లు ఆ తరవాత కట్టండి.