ఇన్సూరెన్స్ ఉందిలే!

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఏ ఇంట్లో అడిగినా “మాకు ఇన్సూరెన్స్ ఉంది” అంటారు. ఎవరి పేరు మీద, ఎంతకు, ఏమైతే వస్తుందని అడిగితే మాత్రం “కాయితాలు ఏజెంటు దగ్గరున్నయి” అన్నదే జవాబు.

బర్రె సంగతి వేరు. బీమా చేసిన బర్రె చెవికి ట్యాగు వేస్తారు, అది ఊడితే క్లెయిమ్ రాదు. ఈ సంగతి ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. ఆ బర్రెను మేపే మనిషి పాలసీలో ఏముందో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు.

టర్మ్ పాలసీ పేరెత్తితే ముఖం మాడ్చుకుంటారు. “ఏం గాకపోతే పైసలు వాపస్ రావా? గంగల పోసుడే గదా!” అంటే, బతికి బట్టకట్టడం కూడా నష్టాల పద్దులోనే రాసుకుంటున్నారన్నమాట. ఆరోగ్యంగా ఉన్న ముప్పై ఏళ్లవాడికి ఏడాదికి పది వేలలోపే 50 లక్షల టర్మ్ పాలసీ దొరుకుతుంది. (ఆదాయం రుజువు చూపమని కూలివాడిని గుమ్మంలోనే ఆపేసే కంపెనీల ఘనత వేరే రాయాలి.) అది వద్దని, ఏటా పాతిక వేల చొప్పున ఇరవై ఏళ్లు కట్టి 5 లక్షల పాలసీ తీసుకుంటారు. అదీ ఎల్‌కేజీ చదివే కొడుకు పేరు మీద! ఇల్లంతా ఆ పిలగాని జీతం మీదే నడుస్తున్నట్టు.

ఇక ఫారం నింపే తతంగం. బీడీ తాగుతారా? లేదు. మందు? లేదు. షుగర్? అసలే లేదు. బీడీలు చుట్టి బతికే కోరుట్ల, మెట్‌పల్లి దిక్కున బీడీ తాగేవాడే లేడట! “మూడేండ్లు దాటితే ఎవడూ అడగడు” అని ఏజెంటు అభయం. 1938 నాటి బీమా చట్టంలో 45వ సెక్షన్ చెప్పేదీ దాదాపు అదే. కానీ మూడేళ్లు దాటాకే పోతానని యముడి దగ్గర రాయించుకున్నదెవరు? ఈలోపే పాలసీదారు పోతే, ఆ అబద్ధానికి జవాబు చెప్పుకోవాల్సింది భార్య.

బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే సురక్ష బీమా ఒకటి, 436 రూపాయలు కోసుకునే జీవన్ జ్యోతి ఒకటి ఉన్నాయి. రెండూ 2 లక్షలకే. దాంతో 20తోనే పనైపోయిందని, 416 మిగిలాయని మనవాళ్ల సంబరం. ఆ ఇరవైది ప్రమాదానికే పనికొస్తుంది. గుండెపోటుతో పోతే ఇచ్చేది 436ది.

రైతుబీమాది ఇంకో కథ. 2018లో మొదలైన ఈ పథకంలో రైతు ఏ కారణంతో పోయినా కుటుంబానికి 5 లక్షలు. కాకపోతే వయసు 18 నుంచి 59 లోపు ఉండాలి. పింఛన్ కోసం ఆధార్‌లో వయసు పెంచుకున్న పెద్దమనిషి బీమా దగ్గరకొచ్చేసరికి మళ్లీ పడుచువాడైపోవాలంటే కంప్యూటర్ ఒప్పుకోదు. కౌలు రైతుకైతే ఆ బాధే లేదు, పాసుబుక్కు లేదు కనుక అతను లెక్కలోనే లేడు.

అన్నిటికంటే ఖరీదైన భ్రమ గల్ఫ్‌ది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి విమానమెక్కేవాళ్లు “సర్కారు బీమా ఉంది, పది లక్షలు” అని ఇంట్లో చెప్పి పోతారు. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నది నిజమే. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. అయితే ఆ పది లక్షలు ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వతంగా వికలాంగుడైతేనో వస్తాయి. ఎండలో పన్నెండు గంటలు పనిచేసి క్యాంపు గదిలో పడుకున్నవాడి గుండె రాత్రి ఆగిపోతే, అది సహజ మరణం. శంషాబాద్ నుంచి బాక్సు ఊరికి చేరుతుంది, పది లక్షలు చేరవు. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరినవాడికి ఆ పాలసీయే ఉండదు. అది ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో పాటు వచ్చేది. వీసా ఏజెంటు చేతిలో లక్షలు పోసి, 275 రూపాయల కాగితంలో ఏముందో చదవకుండా విమానమెక్కేవాళ్లను చూసి నవ్వాలో ఏడ్వాలో తెలియదు.

ఈ రాత్రి అన్నం తిన్నాక పాలసీ బాండు బయటికి తీయండి. నామినీ దగ్గర ఎప్పుడో చనిపోయిన నాన్న పేరే ఉందేమో చూడండి. బాండు ఏజెంటు దగ్గరుంటే రేపే తెచ్చుకోండి. ఆయన ఫోన్ ఎత్తకపోతే నేరుగా బ్రాంచికి పోయి అడగండి.