పున్నమి వాయిదా పడింది

చంద్రుడికి ముందుగా కబురు పెట్టారో లేదో గానీ, థాయిలాండ్‌లోని కో ఫంగన్ దీవిలో పున్నమి మర్నాటికి వాయిదా పడింది. మాఘ పూర్ణిమ అక్కడ మాఖ బుచా, బౌద్ధులకు పర్వదినం. ఆ రోజు మద్యం అమ్మకాల మీద ఆంక్షలుంటాయి. మందు లేని పున్నమిని పున్నమిగా గుర్తించే ఉద్దేశం ఎవరికీ లేదు కాబట్టి, హాద్ రిన్ బీచ్‌లో జరగాల్సిన ఫుల్ మూన్ పార్టీని పాడ్యమికి మార్చారు. ఏటా జరిగే తంతే, మీరూ చదివే ఉంటారు. పర్వదినం పట్ల ఎంత గౌరవమో అని మెచ్చుకున్నవాళ్లూ మీకు తగిలే ఉంటారు. నాకు అక్కడే కాలింది.

మన దగ్గర పండగ తేదీ తేలడమంటే మాటలా? దృక్సిద్ధాంతం ఒకటంటుంది, పూర్వసిద్ధాంతం ఇంకొకటంటుంది. తిథి ద్వయం వచ్చిందంటే టీవీ స్టూడియోలో నలుగురు సిద్ధాంతులు కూర్చుని ఆరు తేదీలు చెబుతారు. సెలవు ఏ రోజు ఇవ్వాలో తెలియక ప్రభుత్వం జీవో మీద జీవో విడుదల చేస్తుంది. హాద్ రిన్‌లో ఈ గొడవే లేదు. అక్కడ చెల్లేది మద్య సిద్ధాంతం ఒక్కటే. సూర్యోదయానికి ఏ తిథి ఉందని ఎవరూ చూడరు, సూర్యాస్తమయానికి కౌంటర్ తెరిచి ఉందా లేదా అన్నదే లెక్క. ఆషాఢ పూర్ణిమకైతే, అంటే మన గురుపూర్ణిమకు, మరీ చిక్కు. బుద్ధుడి తొలి బోధ పేరిట ఒక రోజు, మర్నాడు భిక్షువుల వర్షావాసం మొదలు కాబట్టి ఇంకో రోజు. రెండు తిథులూ దాటేసి, విదియ నాడు నిండు చందమామను చూడమంటారు. బకెట్టెడు మందు ఖాళీ చేసి చూస్తే విదియ చంద్రుడు కూడా నిండుగానే కనిపిస్తాడు కాబట్టి ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేసినట్టు లేదు.

ఇంత శాస్త్రం తెలిసినవాళ్లకు సొంత పంచాంగం లేకపోవడం అన్యాయం. అందుకని నేనే రాయడానికి కూర్చున్నాను. శ్రవణం చేయండి. పచ్చడి ఎవరికి వారే తెచ్చుకోవాలి.

ముందు స్థల పురాణం. సురాట్ థానీ ప్రావిన్సులో, థాయ్ సింధుశాఖలో, సుమారు 125 చదరపు కిలోమీటర్ల దీవి. కొబ్బరి తోటలు, చేపల వేట. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో చులాలాంగ్‌కార్న్ మహారాజు ఇక్కడి థాన్ సడెట్ జలపాతాన్ని చూసి ముచ్చటపడ్డాడు, మొత్తం పది సార్లకు పైగా వచ్చాడు. వచ్చిన గుర్తుగా అక్కడి బండల మీద తన పేరు పొడి అక్షరాలు చెక్కించాడు. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పటి యాత్రికులు ప్లాస్టిక్ బకెట్లు వదిలి వెళ్తున్నారు. అవీ చాలాకాలమే ఉంటాయి. రాజు ఎవరి చేతనైనా చెక్కించుకోవలసి వచ్చింది, వీళ్లకు ఆ ఖర్చు కూడా లేదు.

పార్టీ పుట్టింది 1980ల మధ్యలో. ప్యారడైజ్ బంగళాస్ అనే చిన్న బస దగ్గర కొద్దిమంది బ్యాక్‌ప్యాకర్లు వెన్నెల్లో కూర్చున్నారు. ఎవరిదో పుట్టినరోజని ఒక కథ, ఎవరికో వీడ్కోలని ఒక కథ, ఇక్కడి చందమామ లోకంలో ఎక్కడా లేడని ఎవరో అన్నారని మరో కథ. పాఠాంతరాలు లేకపోతే అది పురాణమెలా అవుతుంది? ఆ కొద్దిమందీ ఊళ్లకు వెళ్లి చెప్పారు. విన్నవాళ్లు వచ్చారు. వాళ్ల వెనక గైడు పుస్తకాలు, వాటి వెనక స్పీకర్లు, స్పీకర్ల వెనక స్పీడ్‌బోట్లు. మంచి సీజన్లో ఆ ఒక్క రాత్రికి ఇరవై, ముప్పై వేల మంది చేరతారని చెబుతారు. అర్ధచంద్రాకారంలో ఉన్న ఆ ఇసుక ఒడ్డు నడిచి చూస్తే కిలోమీటరు కూడా ఉండదు.

పిలవకుండా జనం పోగవడం మాఘ పూర్ణిమకు కొత్త కాదు. మాఖ బుచా జరుపుకునేదే అందుకు. రాజగృహంలోని వేణువనానికి ఎవరూ కబురు పెట్టకుండానే 1250 మంది భిక్షువులు ఒకేనాడు బుద్ధుడి దగ్గరికి వచ్చారని బౌద్ధుల నమ్మకం. చెడు చేయకండి, మంచి చేయండి, మనసును శుభ్రంగా ఉంచుకోండి అని ఆయన చెప్పాడట. ఎంట్రీ ఫీజు తీసుకున్నట్టు గ్రంథాల్లో లేదు. మర్నాడు వెదుళ్ల కింద చెత్త ఏరడానికి మనుషుల్ని పెట్టినట్టు కూడా లేదు.

ఇక తిథి నిర్ణయం. మొదట్లో ఆ దీవికి నెలకు ఒకటే తిథి, పున్నమి. ఒక తిథితో వ్యాపారం ఏం సాగుతుంది? త్రయోదశికి వాటర్‌ఫాల్ పార్టీ, చతుర్దశికి జంగిల్ పార్టీ, పున్నమి అయ్యాక విదియకు మళ్లీ వాటర్‌ఫాల్. అష్టమికి అటొకటి ఇటొకటి హాఫ్ మూన్. చంద్రుడు పూర్తిగా సెలవు పెట్టే అమావాస్యకు బ్లాక్ మూన్. ఆకాశంలో ఏమీ లేకపోయినా దానికీ ఒక టికెట్టు. మన పూర్వులు అమావాస్య నాడు ప్రయాణాలు కూడా మానుకునేవారు, ఎంత నష్టపోయారో పాపం.

నవనాయకుల ఫలం చెబుతాను. ఈ ఏడు రాజు డీజే, మంత్రి స్పీడ్‌బోట్ యజమాని. ఇద్దరికీ మైత్రి ఉంది కనుక ప్రజలకు నిద్ర ఉండదు. సస్యాధిపతి పదవి ఖాళీ, కొబ్బరి తోట ఎవరికీ పట్టడం లేదు. రసాధిపతి బకెట్టు. ఇతని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పిల్లలు ఇసుకలో పిట్టగూళ్లు కట్టుకునే బుల్లి రంగుల బకెట్టు మీకు తెలుసుగా, అదే. అందులో ఒక చిన్న సీసా విస్కీ, ఒక కోలా, ఒక ఎనర్జీ డ్రింకు, పైన ఐసు, గుత్తిగా స్ట్రాలు. ఒడ్డు పొడుగునా బల్లల మీద వరసగా పేర్చి, బూతు బోర్డులు రాసి పెట్టి అమ్ముతారు. ఒక్కో మనిషి చేతిలో ఇంత సరంజామా: బకెట్టు, సీసా, డబ్బా, క్యాను, స్ట్రాలు. తాగడం అయ్యేదాకా ఇది పానీయం, అయిన మరుక్షణం చెత్త. మధ్యలో ఇంకే దశా లేదు. నీరసాధిపతి ఎవరంటారా? మర్నాడు ఉదయం పది గంటలు.

దుర్ముహూర్తం అర్ధరాత్రి దాటాక. పొడవాటి తాడుకు నూనె రాసి నిప్పంటించి తిప్పుతారు, తాగినవాళ్లు దాని మీద ఎగురుతారు. వారశూల ఏ దిక్కుకని అడగక్కర్లేదు, పగిలిన సీసా రూపంలో ఇసుకలో అన్ని దిక్కులా ఉంటుంది. బీచ్ పక్క సందుల్లో క్లినిక్కులు ఊరికే వెలవలేదు. కాలిన పిక్కలకు, తెగిన పాదాలకు రాత్రంతా కట్లు కడుతూనే ఉంటారు. పుణ్యస్నానం మాటంటారా, బార్లలో బాత్రూముకు డబ్బులు అడుగుతారు, సముద్రం అడగదు. ఒంటి నిండా ఫ్లోరసెంట్ రంగులు పూసుకున్న భక్తులు మోకాలి లోతు నీళ్లలో వరసగా, గంభీరంగా నిలబడి ఉంటారు. దూరం నుంచి చూసి అర్ఘ్యం ఇస్తున్నారనుకోకండి.

గ్రహణం సంగతి కూడా చెప్పాలి. 2020లో కోవిడ్ రూపంలో పట్టింది, 2022లో విడిచింది. ఆ మధ్యకాలంలో పున్నములు పున్నమి నాడే వచ్చాయి.

ఆదాయ వ్యయాలు. ఆదాయం మొదట తలకు 100 బాత్‌లు, తర్వాత 200 అయింది. శుభ్రం చేయడానికి, భద్రతకు అని వసూలు చేస్తారు. చేతికి ఒక పట్టీ కడతారు. ఈ పట్టీ మహిమ అపారం. అంతవరకు ఖాళీ సీసా ఎక్కడ వేయాలా అని అటూ ఇటూ చూసే మనిషి, పట్టీ కట్టించుకోగానే ఉన్నచోటే వదిలేస్తాడు. ఎందుకు వదలడు? ఎత్తడానికి కూలి తానే ఇచ్చాడాయె! మన ఇళ్లలో కంకణం కట్టుకుంటే మనిషికి నియమాలు వస్తాయి, అక్కడ కట్టుకుంటే ఉన్నవీ పోతాయి.

రాజపూజ్యం టూరిస్టుకు. అవమానం సముద్రానికి.

అమృత ఘడియలు ఉదయం అయిదు నుంచి తొమ్మిది వరకు. అప్పుడు చీపుర్లు, పారలు పట్టుకుని మనుషులు దిగుతారు. ఆ దీవుల్లో ఇలాంటి పనులు చేసేవాళ్లలో చాలామంది మయన్మార్ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లు. పక్కన పాట ఇంకా మోగుతూనే ఉంటుంది, ఎగురుతున్నవాళ్ల కాళ్ల మధ్య నుంచే బకెట్లు, తెగిన చెప్పులు, స్ట్రాలు ఏరుతారు. ఎండ ఎక్కేసరికి బీచ్ పోస్టుకార్డులా తయారవుతుంది. అది చూపించి, చూశారా, ఎంత శుభ్రంగా ఉంచుతామో అంటారు. ఇసుక మీద ఉన్నది ఎత్తారు, సరే. రాత్రంతా నీళ్లంచున పడింది తెల్లారేసరికి ఎక్కడికి వెళ్లింది? ఎత్తినదైనా ఎక్కడ పెట్టారు? దీవి అంటే నాలుగు వైపులా నీళ్లు. పారేయడానికి అవతలి ఊరు లేదు.

పంచాంగం ఇక్కడ మూసేస్తున్నాను, ఎందుకంటే ఇక ముందు రాయడానికి నవ్వు రావడం లేదు. ఫలితాలు చెప్పేవాడు చివర్లో అంతా గ్రహచారం అని చేతులు దులుపుకోవచ్చు. హాద్ రిన్ చెత్తలో గ్రహాల పాత్ర ఏమీ లేదు. అదంతా అమ్మినవాళ్లు అమ్మి, కొన్నవాళ్లు పారేసి, లైసెన్సు ఇచ్చినవాళ్లు చూసీ చూడనట్టు ఊరుకుంటే పోగైంది. ఇన్నాళ్లూ చెప్పిన సాకు ఏమిటి? జనాన్ని ఆపలేం, ఊరి బతుకంతా దీని మీదే ఉంది అని. మరి మాఘ పూర్ణిమకు ఎలా ఆపారు? దేశదేశాల నుంచి వచ్చే వేల మందిని, వాళ్ల టికెట్లను, పడవలను, డీజేలను అన్నిటినీ ఒక్క ప్రకటనతో ఒక రోజు పక్కకు జరిపారు. ఎవరూ అల్లరి చేయలేదు, ఏ హోటలూ దివాలా తీయలేదు. అంటే ఆపే అధికారం ఉంది, ఆపితే వినే జనం ఉన్నారు. ఆ అధికారాన్ని సీసా మూత బిగించడానికి ఒక్క రోజు వాడి, మర్నాడు అదే సీసాను సముద్రం మొహాన కొట్టడానికి అనుమతిస్తే దాన్ని భక్తి అని ఎలా అనమంటారు? పర్వదినాన అమ్మకూడదన్న ఆ కాస్త నియమానికి కూడా 2025లో హోటళ్లకు, అంతర్జాతీయ విమానాశ్రయాలకు మినహాయింపులు ఇచ్చేశారు. బుద్ధుడికి దక్కిన ఒక్క రోజూ కరిగిపోతోంది. సముద్రానికి ఆ ఒక్క రోజు కూడా ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు.

ఇదే దేశం, ఇదే ప్రభుత్వ యంత్రాంగం. అటు అండమాన్ సముద్రం వైపు, ఫి ఫి దీవుల్లో మాయా బే ఉంది. 2000లో వచ్చిన ‘ది బీచ్’ సినిమా పుణ్యమా అని రోజుకు వేలమంది పడవలేసుకుని వచ్చి దాని పగడాలను తొక్కేశారు. 2018 జూన్‌లో దాన్ని మూసేశారు. నాలుగు నెలలని చెప్పి, చాలదని తెలిసి, 2022 జనవరి దాకా తెరవలేదు. పగడాలను మళ్లీ నాటారు. నల్ల అంచు రెక్కల సొరచేపలు తిరిగొచ్చాయి. తెరిచాక పడవలను బే లోపలికి రానివ్వడం లేదు, ఒకేసారి ఎంతమంది దిగాలో లెక్క పెట్టారు, ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్లీ మూస్తున్నారు. ఇవన్నీ చేసి చూపించినవాళ్లు హాద్ రిన్ దగ్గరికి వచ్చేసరికి చేతకానివాళ్లు ఎలా అయ్యారు? చేతకాక కాదు, నెలనెలా వచ్చే ఆ రాత్రి రాబడి వదులుకోలేక.

ఇది పరాయి దేశం గొడవ అని మనం కూర్చుని నవ్వుకోవడానికి కూడా వీల్లేదు. అదే మాఘ పూర్ణిమకు హంసలదీవి దగ్గర, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మనమూ వేలల్లో మునుగుతాం. మునిగి లేచి పసుపు కుంకుమ కవర్లు, నీళ్ల సీసాలు అక్కడే వదిలి బస్సెక్కుతాం. పైగా 2023 నవంబరులో థాయిలాండ్ మనకు వీసా మినహాయింపు ఇచ్చింది, హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు, ఫుకెట్‌కు నేరుగా విమానాలున్నాయి. హాద్ రిన్ ఇసుకలో తెలుగు వినపడటం ఇప్పుడు వింత కాదు.

కాబట్టి చెప్పేదేదో సూటిగా చెబుతాను. ఒడ్డున బకెట్ల అమ్మకం ఆపాలి. ఎంతమందికి పట్టీ కట్టాలో పరిమితి పెట్టాలి. ఏడాదికి రెండు నెలలు హాద్ రిన్‌ను పూర్తిగా మూయాలి. ఇవేవీ చేయకుండా తేదీ మార్చి దండం పెట్టడం దొంగ భక్తి. వెళ్లే మనవాళ్లకు ఒక్క మాట: మీరు కట్టిన 200 బాత్‌లు పారేయడానికి పర్మిట్ కాదు. తాగింది మీరే, ఆ బకెట్టు పట్టుకెళ్లి డబ్బాలో వేయాల్సింది కూడా మీరే.